గలగలా మాట్లాడే పిల్లవాడు పాఠం దగ్గర ఎందుకు ఆగిపోతాడు?

ఇంట్లో ఒక భాష, బడిలో ఇంగ్లీషు. ఇలా చదువుకునే పిల్లల గురించి తల్లిదండ్రుల నోటా ఉపాధ్యాయుల నోటా తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "స్నేహితులతో ఇంగ్లీషులో గలగలా మాట్లాడతాడు. పుస్తకం తీస్తే నోరు పెగలదు. శ్రద్ధ లేదు." ఇందులో మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది మాత్రం చాలాసార్లు తప్పు. ఆ తప్పు అంచనా వల్లే, సాయం ఎక్కువగా కావలసిన దశలో పిల్లలకు అది ఆగిపోతుంది. ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకునే పిల్లలకు ఎలా తోడ్పడాలన్న ప్రశ్నలో అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది.

కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమ్మిన్స్ 1979లో ఒక తేడాను స్పష్టంగా ముందుకు తెచ్చారు. రోజువారీ సంభాషణకు కావలసిన భాష వేరు, చదువుకు కావలసిన భాష వేరు అన్నారు. ఆటస్థలంలో పిల్లవాడికి మాటలొక్కటే ఆధారం కాదు. ఎదుటివాడి ముఖం కనిపిస్తుంది, చూపుడువేలు దారి చెబుతుంది, మాట్లాడుకుంటున్న బంతి కళ్ల ముందే ఉంటుంది. అర్థం కాకపోతే వెంటనే అడగవచ్చు. రోజూ అవే వందల మాటలు తిరిగి తిరిగి వస్తాయి. పాఠ్యపుస్తకం తెరిస్తే ఈ ఆసరాలన్నీ ఒక్కసారిగా పోతాయి. చెప్పేవాడు ఎదురుగా లేడు, చెప్పే వస్తువు ఎదురుగా లేదు, కాగితం మీది వాక్యం తప్ప మరో దారి లేదు.

టొరంటో బడుల్లో చదివిన వలస కుటుంబాల పిల్లల వివరాలను కమ్మిన్స్ 1981లో విశ్లేషించారు. సంభాషణ సుమారు 2 ఏళ్లలో పట్టుబడుతోందని, చదువు భాషలో తోటివారి స్థాయికి చేరువ కావడానికి మాత్రం 5 నుంచి 7 ఏళ్లు పడుతోందని తేలింది. అమెరికాలో వర్జీనియా కోలియర్, వేన్ థామస్ చేసిన విస్తృత పరిశీలనలు కూడా ఇదే వైపు చూపాయి. తమ భాషలో కొన్నేళ్లు చదువుకుని వచ్చిన పిల్లలకు 5 నుంచి 7 ఏళ్లు పడితే, ఆ పునాది లేనివారికి 7 నుంచి 10 ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పట్టింది.

ఇన్నేళ్లా అనిపించడం సహజం. కానీ తోటి పిల్లలు ఉన్నచోటే నిలబడి ఉండరు కదా. ఇంగ్లీషే ఇంటి భాషగా ఉన్న పిల్లలకు కూడా ఏటా కొత్త మాటలు వస్తుంటాయి, వాక్యాలు పెద్దవవుతుంటాయి, తరగతి కూడా పెరుగుతుంటుంది. వెనక మొదలుపెట్టిన పిల్లవాడు వారిని అందుకోవాలంటే ఒక ఏడాదిలో ఏడాదికి మించిన ఎదుగుదల చూపాలి. అదీ గణితం, విజ్ఞానశాస్త్రం, చరిత్ర నేర్చుకుంటూ, ఏటా. పిల్లలు చేస్తున్న ఈ పని ఎంత పెద్దదో గుర్తించకుండా "ఇంకా రాలేదా?" అని అడగడం అన్యాయం.

తెలుగు చదివినవారికి ఈ తేడా కొత్తదేమీ కాదు. "తడి బట్టలు ఎండకు ఆరిపోయాయి" అని అయిదేళ్ల పిల్ల కూడా చెబుతుంది. అదే సంగతి విజ్ఞానశాస్త్రం పుస్తకంలో "ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ బాష్పీభవన రేటు పెరుగుతుంది" అని కనిపిస్తుంది. ఆరిపోవడం అనే పని ఇక్కడ ఒక పేరుగా మారింది, ఆ పేరు మరో పేరుతో జతకట్టింది, రెండు పరిణామాల మధ్య సంబంధం "కొద్దీ" అనే చిన్న మాట మీద నిలబడింది. పుట్టింది తెలుగులోనే అయినా ఈ తెలుగును బడిలో కూర్చుని నేర్చుకోవలసిందే. రెండో భాషలో చదివే పిల్లలకు ఆ భాషలోని రోజువారీ మాటా పుస్తకం మాటా రెండూ కొత్తవే.

కమ్మిన్స్ గీసిన ఈ గీత మీద విమర్శలూ వచ్చాయి. సంభాషణ భాష తేలిక, చదువు భాష ఉన్నతం అనే అర్థం అందులోంచి తొంగిచూస్తుందని కొందరు పండితులు అభ్యంతరం చెప్పారు. ఆ హెచ్చరిక అవసరమే. జోక్ చెప్పడానికి, బతిమాలడానికి, గొడవ సర్దడానికి తక్కువ నేర్పు చాలదు. ఈ విభజన పిల్లల తెలివికి కొలమానం కాదు, వారి ఎదుట ఉన్న పనిలోని తేడా మాత్రమే. అలా చూసినంతవరకు తరగతి గదిలో దీనంత ఉపయోగపడే అవగాహన మరొకటి లేదని నా అభిప్రాయం.

ఒక లెక్కను దగ్గరగా చూస్తే

మూడో తరగతి లెక్కల పుస్తకంలో ఇలాంటిది ఒకటి ఉందనుకుందాం: పెట్టెలో ఎర్ర పెన్సిళ్లు 6 ఉన్నాయి, అవి నీలం పెన్సిళ్లకన్నా 4 తక్కువ, నీలం పెన్సిళ్లు ఎన్ని? జవాబు 10. ఇంటి భాషలో చదివినా పిల్లలు ఒక్క క్షణం ఆగి ఏది దేనికన్నా తక్కువో సరిచూసుకోవాలి. ఇంగ్లీషులో చదివే పిల్లవాడికి ఆ ఆగే అవకాశమే రాదు. 'ఫ్యూయర్' అన్న మాట కనిపించగానే "తక్కువ అంటే తీసివేత" అని తరగతిలో చెప్పింది గుర్తుకొస్తుంది. 6 లోంచి 4 తీసేసి 2 అని రాస్తాడు. 'దాన్' (కన్నా) అనే చిన్న మాట పోలిక ఎటునుంచి ఎటో చెబుతోందని వాడికి ఎవరూ చూపించలేదు. కూడిక వచ్చు, తీసివేత వచ్చు. పోయిన మార్కు గణితానిది కాదు, వాక్యానిది. దిద్దేవారికి కనిపించేది మాత్రం తప్పు జవాబే.

ఇంకో ఇబ్బంది ఉంది. బాగా తెలిసిన మాటలే పాఠంలో వేషం మార్చుకుంటాయి. 'టేబుల్' అంటే బల్ల అని తెలుసు, లెక్కల్లో అది ఎక్కం, విజ్ఞానశాస్త్రంలో పట్టిక. 'వాల్యూమ్' టీవీలో శబ్దం, ప్రయోగంలో ఘనపరిమాణం. 'ఆడ్' వింత కాదు, బేసి సంఖ్య. 'మీన్' సగటు అవుతుంది, 'ప్రొడక్ట్' లబ్ధం అవుతుంది. పెద్ద పెద్ద సాంకేతిక పదాలను ఉపాధ్యాయులు బోర్డు మీద రాసి వివరిస్తారు, కాబట్టి వాటితో ప్రమాదం తక్కువ. ఈ పరిచిత పదాలను ఎవరూ వివరించరు. 'దేర్‌ఫోర్', 'ఆల్దో', 'అన్‌లెస్' వంటి కలిపే మాటల సంగతి మరీ దారుణం. వాక్యంలోని తర్కమంతా వాటి మీదే ఆధారపడి ఉంటుంది, అయినా అర్థాల పట్టికలో వాటికి చోటుండదు. పాఠం మొదలుపెట్టే ముందు ఇలాంటి మాటలు ఆరేడు ఏరి, పాఠంలోని వాక్యాలతోనే వివరించడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు తరవాత రోజులు ఆదా చేస్తాయి.

ఒకే పుస్తకం, ఒకే ఉపాధ్యాయుడు, ఒకే ప్రశ్నపత్రం ఇస్తే అందరినీ సమానంగా చూసినట్టే కదా అనే వాదన ఒకటుంది. దీనికి అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే జవాబిచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లలు సుమారు 1,800 మందికి ఏ ప్రత్యేక సాయమూ అందడం లేదని లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో తేలింది. అందరికీ అవే వసతులు, అవే పుస్తకాలు, అదే పాఠ్యప్రణాళిక ఇచ్చినంత మాత్రాన సమానత్వం రాదని, భాష అర్థం కాని పిల్లలకు అర్థవంతమైన చదువే అందకుండా పోతుందని కోర్టు స్పష్టం చేసింది.

మౌనం, వయసు

కొత్త భాషలోకి అడుగుపెట్టిన చిన్నపిల్లలు కొందరు వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు పెదవి విప్పరు. దీన్ని చూసి పెద్దలు కంగారుపడతారు. ఆ కాలంలో పిల్లలు వింటున్నారు, పోల్చుకుంటున్నారు, లోలోపల మాటలు కూర్చుకుంటున్నారు. చెప్పిన పని చేస్తున్నారా, బొమ్మను సరిగ్గా చూపిస్తున్నారా, తోటివారు నవ్వినప్పుడు నవ్వుతున్నారా అన్నవి గమనిస్తే అర్థం చేసుకోవడం సాగుతోందో లేదో తెలుస్తుంది. నోరు తెరిపించడానికి అందరి ముందూ నిలబెట్టి అడగడం వల్ల భయం పెరుగుతుందే కాని భాష పెరగదు. చూపించి, గీసి, చేసి జవాబు చెప్పే వీలు కల్పిస్తే చాలు.

"చిన్నప్పుడైతే ఇట్టే పట్టేస్తారు" అన్న నమ్మకం సగమే నిజం. నెదర్లాండ్స్‌లో డచ్చి భాష నేర్చుకుంటున్న ఇంగ్లీషు మాతృభాషీయులను కేథరిన్ స్నో, మరియన్ హూఫ్నాగెల్-హేలె పరిశీలించి 1978లో ప్రకటించిన ఫలితాల్లో, మొదటి నెలల్లో అందరికన్నా వేగంగా నేర్చుకున్నది 12 నుంచి 15 ఏళ్లవారు, పెద్దలు. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు వెనకబడ్డారు. ఉచ్చారణ విషయంలో దీర్ఘకాలంలో చిన్నవాళ్లదే పైచేయి. పదజాలం, వ్యాకరణం, చదివి అర్థం చేసుకోవడంలో మాత్రం ఒక భాషలో స్థిరపడిన పిల్లలకు ఆ అనుభవం అక్కరకొస్తుంది. ఎందుకన్నది తరవాతి సంగతి చూస్తే తెలుస్తుంది.

ఇంటి భాషను ఆపేయమనే సలహా

అందరికన్నా ఎక్కువ నష్టం చేసే సలహా ఒకటే: "ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడండి." మంచి ఉద్దేశంతోనే చెబుతారు. తల్లిదండ్రులూ పిల్లల బాగు కోరే పాటిస్తారు. ఫలితం మాత్రం తరచూ తలకిందులవుతుంది.

తమకు అంతంతమాత్రంగా వచ్చిన భాషలో తల్లిదండ్రులు మాట్లాడడం మొదలుపెడితే ఏమవుతుందో ఆలోచించండి. "తిను", "రాయి", "పడుకో" అనే ఆజ్ఞలు మిగులుతాయి. ఎందుకు, ఎలా, అలా జరిగి ఉండకపోతే ఏమయ్యేది అనే మాటలు పోతాయి. తాతయ్య చెప్పే కథ, అమ్మ వివరించే కారణం, నాన్నతో వాదన, పొడుపుకథ, సామెత అన్నీ ఆగిపోతాయి. పిల్లల ఆలోచన పదునెక్కేది వీటివల్లే. సరళమైన ఇంగ్లీషు కోసం సంపన్నమైన తెలుగును వదులుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

ఇది మాతృభాష మీది మమకారంతో అంటున్న మాట కాదు. ఒక భాషలో నేర్చుకున్న భావం రెండో భాషకు తనంతట తానే ఆసరా అవుతుంది. భిన్నం అంటే ఏమిటో తెలుగులో అర్థమైన పిల్లకు ఇంగ్లీషులో కావలసింది 'ఫ్రాక్షన్' అన్న పేరు మాత్రమే. భావమే తెలియని పిల్లకు పేరూ భావమూ రెండూ ఒకేసారి, తెలియని భాషలో నేర్పాలి. కారణం చెప్పడం, కథను వరసలో చెప్పడం, పోల్చడం, చదివింది కుదించి చెప్పడం ఒకసారి వస్తే మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కరలేదు. భాషలు పైకి వేరుగా కనిపించినా లోపల ఒకే సామర్థ్యం మీద నడుస్తాయని కమ్మిన్స్ చెప్పింది ఇదే. బోధనకు పిల్లల మాతృభాషే ఉత్తమ మాధ్యమమని యునెస్కో 1953లోనే నివేదిక ఇచ్చింది. రెండు భాషలు బుర్రను గందరగోళం చేస్తాయన్న పాత భయం 1962లో మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ జరిపిన పరిశోధనతో బాగా సడలింది. రెండు భాషలూ బాగా వచ్చిన పదేళ్ల పిల్లలు ఒక్క భాషే వచ్చినవారికన్నా మేధాపరీక్షల్లో ముందున్నారని అందులో తేలింది.

1991లో లిలీ వాంగ్ ఫిల్మోర్ ప్రచురించిన వ్యాసం మరో కోణం చూపింది. చిన్న వయసులోనే పూర్తిగా ఇంగ్లీషు వాతావరణంలోకి వెళ్లిన పిల్లలు ఇంటి భాషను క్రమంగా వదిలేస్తున్నారని, కొన్ని ఇళ్లలో తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య మనసు విప్పి మాట్లాడుకునే భాషే మిగలడం లేదని ఆమె రాశారు. పదమూడేళ్ల పిల్లవాడు తన బాధను చెప్పుకోవడానికి ఇంట్లో భాష లేకుండా పోవడం ఏ మార్కులతోనూ తీరే లోటు కాదు.

మరి ఇంట్లో ఏం చేయాలి? రేపు బడిలో వచ్చే పాఠాన్ని ఈ రోజు ఇంటి భాషలో మాట్లాడుకోవాలి. వర్షం ఎలా వస్తుంది, రాజులు యుద్ధాలు ఎందుకు చేశారు, ఓడ ఎందుకు మునగదు వంటివి. పిల్లలు బడినుంచి వచ్చాక "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని అడిగి, తెలుగులోనే వివరించమనాలి. చెప్పలేకపోయారంటే అర్థం కాలేదని తెలిసిపోతుంది. చెప్పగలిగి ఇంగ్లీషులో రాయలేకపోతున్నారంటే సమస్య భాషదని తెలుస్తుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని తల్లి కూడా ఈ పని నిక్షేపంగా చేయగలదు. బడులు ఈ మాట తల్లిదండ్రులకు చెప్పాలి, గట్టిగా, పదేపదే.

తరగతిలోనూ అంతే. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుని తమ భాషలో లెక్కను చర్చించుకుని, జవాబును ఇంగ్లీషులో రాస్తే అందులో తప్పేమీ లేదు. రెండు భాషలనూ ఇలా కావాలని కలిపి వాడే బోధనకు 1990లలో వేల్స్‌లో సెన్ విలియమ్స్ దారి చూపారు. ఇంగ్లీషు తప్ప మరో మాట వినిపిస్తే శిక్షించే పద్ధతి పిల్లల నోరు మూయిస్తుంది. అది ఇంగ్లీషు నేర్పిన దాఖలా లేదు.

చదవడం: పైకి చదివితే చదివినట్టేనా?

పిల్లవాడు పేజీ మొత్తం తడబాటు లేకుండా పైకి చదువుతాడు. ఏం చదివావంటే మౌనం. ఈ దృశ్యం ఎన్ని ఇళ్లలో కనిపిస్తుందో! ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ 1986లో చెప్పిన సూత్రం దీన్ని సూటిగా వివరిస్తుంది. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలను శబ్దంగా మార్చగలగడం, ఆ శబ్దాన్ని భాషగా అర్థం చేసుకోగలగడం, ఈ రెండింటి లబ్ధం. మొత్తం కాదు, లబ్ధం. ఒకటి సున్నా అయితే ఫలితం సున్నాయే. పైకి చదివించి తృప్తిపడే బడి మొదటి సగాన్నే పరీక్షిస్తోంది.

ఆ మొదటి సగం కూడా ఇంగ్లీషులో అంత సులువు కాదు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు వచ్చాక కనిపించిన మాటనల్లా చదవవచ్చు. ఇంగ్లీషులో 26 అక్షరాలు, సుమారు 44 ధ్వనులు. ఒకే అక్షరం నాలుగు రకాలుగా పలుకుతుంది, ఒకే ధ్వనికి నాలుగు స్పెల్లింగులుంటాయి. ఐరోపా భాషల్లో చదవడం నేర్చుకునే పిల్లలను పోల్చి ఫిలిప్ సీమర్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లలకే తొలి స్థాయి చదువు పట్టుబడడానికి చాలా భాషల పిల్లలకన్నా రెట్టింపుకు మించిన కాలం పట్టింది. ఇంటి భాషే అయినవాళ్లకు అంత కష్టమైతే మన పిల్లలు తడుముకోవడంలో వింతేముంది? అక్షరం పేరు కాక అక్షరం చేసే ధ్వనిని క్రమపద్ధతిలో నేర్పడం తప్పనిసరి. స్పెల్లింగులు బట్టీ పట్టించి డిక్టేషన్ పెట్టడం దానికి బదులు కాదు.

రెండో సగానికి మాటల సంపద కావాలి. ఒక కథను ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవాలంటే అందులోని పదాల్లో సుమారు 98 శాతం తెలిసి ఉండాలని మార్సెల్లా హు, పాల్ నేషన్ 2000లో పెద్ద వయసు విద్యార్థుల మీద చేసిన పరిశోధన చెబుతోంది. అంటే 50 పదాలకు తెలియనిది ఒక్కటే. 200 పదాల పేజీలో 4 మాటలు తెలియకపోతే పరవాలేదు, 20 తెలియకపోతే అది చదవడం కాదు, తవ్వకం. పిల్లల చేతిలో ఉన్న పుస్తకంలో ఏదో ఒక పేజీ తీసి తెలియని మాటలు లెక్కించి చూస్తే ఆ పుస్తకం వారికి తగినదో కాదో తెలిసిపోతుంది. తరగతి స్థాయికన్నా రెండు మెట్లు కింది కథల పుస్తకం ఇవ్వడానికి సిగ్గుపడనక్కరలేదు. పాఠ్యపుస్తకం ఉపాధ్యాయుడి సాయంతో, కథల పుస్తకం సొంతంగా.

కథల పుస్తకాల బలం ఎంతో చూపిన ప్రయోగం ఒకటి ఫిజీ దీవుల్లో జరిగింది. వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ 1980లో అక్కడి గ్రామీణ బడుల్లో నాలుగు, అయిదు తరగతులకు ఆసక్తికరమైన ఇంగ్లీషు కథల పుస్తకాలు 250 చొప్పున ఇచ్చారు. కొన్ని తరగతుల్లో ఉపాధ్యాయులు పెద్ద అక్షరాల పుస్తకాన్ని అందరికీ చూపిస్తూ చదివి, మాట్లాడించారు. మరికొన్నింట్లో పిల్లలు రోజూ కొంతసేపు తమంతట తాము చదువుకున్నారు. వ్యాకరణం అభ్యాసాలతో నడిచిన మామూలు తరగతులతో పోల్చినప్పుడు ఈ పిల్లలు చదవడంలోనూ విని అర్థం చేసుకోవడంలోనూ సుమారు రెట్టింపు వేగంతో ఎదిగారు. రెండో ఏడాదికి ఆ ప్రభావం రాతకు, వ్యాకరణానికి కూడా పాకింది. ఖరీదైన యంత్రాలేవీ లేవు. నచ్చిన కథలు, చదవడానికి సమయం, అంతే. బడి గ్రంథాలయంలో అద్దాల బీరువాకు తాళం వేసి ఉంచే ప్రతిచోటా ఈ ఫలితం గుర్తుచేయాలనిపిస్తుంది.

తప్పు దిద్దడం

ఒక పిల్లవాడు ఉత్సాహంగా చెబుతాడు: "ఎస్టర్‌డే ఐ గో పార్క్." టీచరు నవ్వుతూ అంటారు: "ఓ, యూ వెంట్ టు ద పార్క్?" పిల్లవాడు తలూపి "ఎస్!" అంటాడు. టీచరు దిద్దానని అనుకున్నారు. పిల్లవాడు టీచరు తన మాట విన్నారని సంతోషించాడు. 'గో' ఎక్కడా మారలేదు. రాయ్ లిస్టర్, లీలా రాంటా కెనడాలో ఫ్రెంచి మాధ్యమ తరగతుల్లో ఇలాంటి సంభాషణలు గంటల కొద్దీ రికార్డు చేసి 1997లో ఫలితాలు ప్రచురించారు. ఉపాధ్యాయుల దిద్దుబాట్లలో 55 శాతం ఇలా సరైన వాక్యాన్ని తామే తిరిగి చెప్పడమే. వాటిలో 31 శాతానికే పిల్లలనుంచి స్పందన కనిపించింది. దానికి బదులు "ఎస్టర్‌డే ఐ..." అని ఆగి, పిల్లవాడి చేత పూర్తి చేయిస్తే ప్రతిసారీ ఏదో ఒక ప్రయత్నం వచ్చింది. చిన్న మార్పే, కాని మాట వెతుక్కునే పని టీచరునుంచి పిల్లవాడికి మారింది.

అలాగని ప్రతి వాక్యంలో ప్రతి తప్పునూ పట్టుకుంటే పిల్లలు మాట్లాడడమే మానేస్తారు. తెలుగులో 'ఎ', 'ద' వంటివి లేవు కనుక తెలుగు పిల్లలు వాటిని చాలాకాలం వదిలేస్తారు. తెలుగులో ప్రశ్న అడగడానికి కర్తక్రియల స్థానాలు మార్చనక్కరలేదు కనుక "వేర్ యూ ఆర్ గోయింగ్?" అంటారు. ఇవి అజాగ్రత్త కాదు, ఇంటి భాష నియమాన్ని తెలివిగా వాడుకోవడం. మరోవైపు, ఇంటి భాష ఏదైనా వచ్చే తప్పులూ ఉన్నాయి. స్పానిష్, చైనీస్ మాట్లాడే పిల్లలు ఇంగ్లీషు వ్యాకరణ రూపాలను దాదాపు ఒకే వరసలో నేర్చుకుంటున్నారని హైడీ దులే, మరీనా బర్ట్ 1974లో చూపారు. 'ఇంగ్' ప్రత్యయం, బహువచనం ముందు వస్తాయి. 'షి గోస్'లోని ఆ చివరి 'స్' బాగా ఆలస్యంగా వస్తుంది. ఆ ఒక్క ధ్వని కోసం రెండో తరగతి పిల్లను పదిసార్లు ఆపడం వృథా. ఈ వారం ఏదో ఒకే రకం తప్పు మీద దృష్టి పెట్టి, మిగిలినవి వదిలేయడం మేలు. పిల్లలు ఒక ఆలోచన చెబుతున్నప్పుడు ముందు ఆలోచనకు జవాబివ్వాలి, ఆ తరవాతే వాక్యానికి.

మాట్లాడించడం, రాయించడం

వినడం, చదవడం ఎంత ఉన్నా అవి మాత్రమే చాలవు. కెనడాలో ఏళ్ల తరబడి ఫ్రెంచిలోనే పాఠాలు విన్న పిల్లలు అర్థం చేసుకోవడంలో మాతృభాషీయులకు చేరువైనా, మాటలోనూ రాతలోనూ వెనకబడి ఉన్నారని మెరిల్ స్వేన్ 1985లో ఎత్తిచూపారు. చెప్పడానికి పూనుకున్నప్పుడే మనకు తెలియని మాట ఏదో మనకు తెలుస్తుంది. కాబట్టి తరగతిలో పిల్లలు మాట్లాడే సమయం పెరగాలి.

దానికి అన్నిటికన్నా చవకైన ఉపాయం ఆగడం. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఎదురుచూస్తున్నారని మేరీ బడ్ రో 1970లలో గమనించారు. దాన్ని 3 సెకన్లు చేస్తే జవాబులు పొడవయ్యాయి, ఎన్నడూ మాట్లాడని పిల్లలు ముందుకొచ్చారు. రెండో భాషలో ఆలోచించే పిల్లలు ప్రశ్నను అర్థం చేసుకుని, భావం వెతికి, మాటలు కూర్చి చెప్పాలి. వాళ్లకు ఆ 3 సెకన్లు కూడా తక్కువే. ముందు పక్కవారితో చెప్పుకుని, తరవాత తరగతికి చెప్పి, ఆ తరవాత రాయడం అనే క్రమం పెట్టుకుంటే ఖాళీ కాగితం ముందు బిక్కముఖం వేయడం తగ్గుతుంది. రాతకు మొదటి సగం ఇవ్వవచ్చు: "నీటిని వేడిచేసినప్పుడు...", "ఇది దానికన్నా భిన్నం, ఎందుకంటే..." వంటి ఇంగ్లీషు వాక్యాల ఆరంభాలు బోర్డు మీద రాసి పెట్టాలి. వచ్చేకొద్దీ వాటిని తగ్గించుకుంటూ పోవాలి. ఈ తగ్గించడం ఎప్పుడన్నదే నేర్పు. ఆటస్థలంలో వినిపించే గలగల దానికి సూచిక కాదు. సొంతంగా రాసిన వివరణ, సొంతంగా చదివి చెప్పిన సారాంశం సూచికలు.

పరీక్షల్లోనూ కొంత వివేచన కావాలి. విజ్ఞానశాస్త్రం పరీక్షలో బొమ్మ గీసి భాగాలు గుర్తించి, విరిగిన ఇంగ్లీషులో సరైన కారణం రాసిన పిల్లకు విజ్ఞానశాస్త్రం మార్కు ఇవ్వాలి. ఇంగ్లీషు మార్కు ఇంగ్లీషు పరీక్షలో వేసుకోవచ్చు.

ఎప్పుడు ఆందోళన పడాలి?

నెమ్మదిగా నేర్చుకోవడం వేరు, నేర్చుకోవడంలో నిజమైన ఇబ్బంది ఉండడం వేరు. రెండూ పైకి ఒకేలా కనిపించడం వల్ల పొరపాట్లు రెండు వైపులా జరుగుతాయి. కెనడాలో ఇంగ్లీషు రెండో భాషగా నేర్చుకుంటున్న పిల్లల మానసిక పరీక్షల నివేదికలు 400కు పైగా పరిశీలించి కమ్మిన్స్ 1984లో రాసినదేమిటంటే, పిల్లలు చక్కగా మాట్లాడుతున్నారు కాబట్టి ఇంగ్లీషు వచ్చేసిందని భావించి, ఇంగ్లీషులోనే మేధాపరీక్ష పెట్టి, తక్కువ వస్తే లోపం పిల్లలదే అని తీర్మానించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. దీనికి ఎదురు పొరపాటూ ఉంది. "భాష రాకపోవడం వల్లే, సర్దుకుంటుంది" అంటూ డిస్లెక్సియా (మాటలు చదవడంలో, రాయడంలో ఉండే ఇబ్బంది) వంటిది ఉన్న పిల్లకు ఏళ్ల తరబడి సాయం అందకుండా చేయడం.

రెండు భాషల్లోనూ చూస్తే తేడా చాలావరకు బయటపడుతుంది. ఇంటి భాషలో వయసుకు తగ్గట్టు మాట్లాడుతూ, కథ వరసగా చెబుతూ, చెప్పింది గుర్తుంచుకుంటూ, ఇంగ్లీషులో మాత్రమే తడబడితే కావలసింది సమయం, బోధన. ఇంటి భాషలోనూ మాటలు ఆలస్యంగా వచ్చినా, ప్రాసలు పట్టలేకపోయినా, తెలిసిన వస్తువుల పేర్లు వెంటనే తట్టకపోయినా, రెండు మూడు అంచెల సూచన పాటించలేకపోయినా నిపుణులకు చూపించాలి. వినికిడి, చూపు పరీక్ష అన్నిటికన్నా ముందు చేయించాలి. పిల్లవాడు మొదటి మాట ఎప్పుడన్నాడు, అక్కతోనో తమ్ముడితోనో పోలిస్తే ఎలా ఉండేవాడు, ఇంట్లో ఇప్పుడు ఏ భాషలో ఎంత మాట్లాడతాడు అన్నవి ఏ ప్రశ్నపత్రంలోనూ దొరకవు. అవి తెలిసింది ఇంట్లోవాళ్లకే. అందుకే పరీక్షకు పంపే ముందు బడి ఆ ఇంట్లోవాళ్లను పిలిచి అడగాలి, అవసరమైతే దుబాసీని పెట్టుకుని, వాళ్ల భాషలోనే.